పక్షమూ కక్షా: 'బ్యాటిల్ బ్రదర్స్' వ్యూహక్రీడకు తగిన కొత్త పక్షాలు - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

జర్మనీలోని హాంబర్గ్ నగరానికి చెందిన ఓవర్‌హైప్ స్టూడియోస్ రూపొందించిన 'బ్యాటిల్ బ్రదర్స్' 2017లో వెలువడిన వ్యూహక్రీడ. మధ్యయుగ ఐరోపా ఛాయలున్న ఒక చీకటి కాల్పనిక లోకంలో కిరాయి సైనికుల దళాన్ని నడపడం దీని ఇతివృత్తం. ఈ లోకానికి ఇంకా ఎటువంటి ప్రతిపక్షాలు తగుతాయన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. ఒక పక్షం క్రీడలో ఇమడడానికి రూపం చాలదనీ, యుద్ధరంగంలో అది కొత్త ప్రశ్న అడగాలనీ, ఆ లోకపు నేలలో దానికి వేరుండాలనీ, ఆటగాని పద్దుపుస్తకంలో దాని జాడ మిగలాలనీ ఇందులో ప్రతిపాదించడమైంది. ఈ దృష్టితో జర్మన్ రైతాంగ తిరుగుబాటు, పని కోల్పోయిన సైనికుల ముఠాలు, జర్మన్ జానపద విశ్వాసాలలోని వేటదండు పరిశీలనకు వస్తాయి.

కీలకపదాలు: వ్యూహక్రీడ, పక్షం, చీకటి కాల్పనికత, కిరాయి సైన్యం, రైతాంగ తిరుగుబాటు, జర్మన్ జానపదం.

1. ఉపోద్ఘాతం

ఏ వ్యూహక్రీడకైనా అభిమానులు ఏర్పడిన కొంతకాలానికి వారి మధ్య ఒక చర్చ తప్పక మొదలవుతుంది: ఇందులో ఇంకా ఏ పక్షాలు చేరిస్తే బాగుంటుంది? చూడడానికి ఇది కోరికల జాబితాలా ఉంటుంది. ఒకరు నాగజాతి కావాలంటారు, మరొకరు నరకం నుంచి దిగివచ్చే సేనలు కావాలంటారు. అయితే ఈ చర్చ అడుగున ఒక విమర్శ ప్రశ్న ఉన్నది. ఒక కాల్పనిక లోకం ఎవరిని శత్రువులుగా భరించగలదో తేలితే, ఆ లోకం దేని గురించిందో తేలినట్లే. పురాణానికి రాక్షసుడు ఎంత ముఖ్యమో ఈ క్రీడలకు ప్రతిపక్షం అంత ముఖ్యం. నాయకుని గుణం ప్రతినాయకునిలో కనిపించడం మన అలంకారికులకు కొత్త సంగతి కాదు.

'బ్యాటిల్ బ్రదర్స్'ను ఇక్కడ ఎంచుకోవడానికి కారణం దాని పొదుపు. ఇందులో లోకాన్ని కాపాడవలసిన వీరుడు లేడు. ఆటగాడు ఒక కిరాయి దళానికి నాయకుడు. ఊరూరా తిరిగి మనుషులను కూలికి కుదుర్చుకోవాలి, రోజువారీ జీతం చెల్లించాలి, తిండి కొనాలి, విరిగిన కవచాలు బాగుచేయించాలి. యుద్ధం షట్కోణపు గడుల మీద వంతులవారీగా సాగుతుంది. రంగంలోకి మామూలుగా దిగగలిగేది పన్నెండు మంది. వారు కాళ్లు లేని అర్ధాకృతులుగా, చదరంగపు పావుల్లా కనిపిస్తారు. చచ్చినవాడు తిరిగిరాడు. బ్రతికినవాడు కన్నో వేలో పోగొట్టుకొని బ్రతుకుతాడు. ఇంత లెక్కగా నడిచే లోకంలో కొత్త పక్షాన్ని చేర్చడం ఇంటికి రంగు వేయడం వంటిది కాదు, దూలం మార్చడం వంటిది.

2. పరిభాష గురించి ఒక మాట

ఆంగ్లంలో ఈ క్రీడల సందర్భంగా వాడే 'ఫ్యాక్షన్' అన్న పదాన్ని ఈ వ్యాసంలో 'పక్షం' అని వ్యవహరించడమైంది. 'ఫ్యాక్షన్' తెలుగువారికి తెలియని మాట కాదు. నిజానికి మరీ ఎక్కువ తెలిసిన మాట. రాయలసీమ ముఠా కక్షలకు అది పేరుగా స్థిరపడింది. ఆ పేరుతో ఒక సినిమా శాఖే ఏర్పడింది. క్రీడాపరిభాషలో ఆ పదానికి 'ఒకే రంగు జెండా కింద ఉన్న బొమ్మల గుంపు' అన్న అర్థానికి మించి బరువు లేదు. తెలుగులో మాత్రం ఆ మాట వినగానే ఊరు, వంశం, పాత నెత్తురు, తీరని పగ గుర్తుకు వస్తాయి. ఈ తేడా విమర్శకునికి అడ్డంకి కాదు, ఉపకరణం. గుంపుకూ పక్షానికీ తేడా కక్షలోనే ఉంది. ఎవరిమీద, ఎందుకు, ఎప్పటినుంచి అన్న ప్రశ్నలకు జవాబు లేని పక్షం ఎంత భయంకరంగా చిత్రించినా గుంపుగానే మిగులుతుంది.

ఈ సంగతి క్రీడాకారులకు తెలియదని కాదు. 2022లో ఉచితంగా వెలువడిన 'ఆఫ్ ఫ్లెష్ అండ్ ఫెయిత్' అన్న అనుబంధంలో ప్రమాణబద్ధులైన ఒక యోధుల సంఘం ఉంది. దాని నుంచి చీలిపోయిన మరొక సంఘమూ ఉంది. ఇద్దరికీ ఆదిపురుషుడు ఆన్సెల్మ్ అనే యువకుడే. ఆయన పుర్రె ఒక వర్గం దగ్గర, దవడ ఎముక రెండవ వర్గం దగ్గర ఉంటాయి. నవ్వు పుట్టించే ఈ చిన్న వివరంలో ఒక పక్షానికి కావలసిన కక్ష అంతా ఇమిడి ఉంది.

3. ఉన్న పక్షాలు అడిగే ప్రశ్నలు

కొత్తవాటిని ప్రతిపాదించే ముందు ఉన్నవి ఎందుకు నిలబడ్డాయో చూడాలి. ఓర్క్‌లు బలంతో వస్తారు. వారిలోని కుర్రకారు పరుగెత్తుకొచ్చి ఢీకొని వరుసను చెదరగొడతారు, కవచధారులైన యోధులు మనిషిని పక్కకు నెట్టి గడిని ఆక్రమిస్తారు. 'నీ వరుస నిలుస్తుందా?' అన్నది వారి ప్రశ్న. గోబ్లిన్‌లు అందుకు విరుద్ధం. విషం పూసిన బాణాలు, వలలు, కాళ్లకు చుట్టుకొనే వేళ్లు వారి ఆయుధాలు. 'నీవు వారిని చేరగలవా?' అని వారు అడుగుతారు. అంతరించిన ఒక ప్రాచీన సామ్రాజ్యపు సైనికులు ఎముకల గూళ్లుగా లేచి, రోమన్ దళాల పద్ధతిలో డాళ్లు కలిపి, వెనుకనుంచి పొడవాటి బల్లేలతో పొడుస్తూ వస్తారు. వారికి అలసట లేదు, భయం లేదు. ఎదుటివారి భయం మీద, అలసట మీద ఆధారపడి గెలవడం అలవాటు చేసుకున్న ఆటగానికి ఆ రెండు పనిముట్లూ ఒక్కసారిగా చేతినుంచి జారిపోతాయి.

2018లో వచ్చిన 'బీస్ట్స్ అండ్ ఎక్స్‌ప్లొరేషన్' అనుబంధం ఈ పద్ధతిని ఇంకా ముందుకు తీసుకువెళ్లింది. హెక్సె అనే మంత్రగత్తె మన మనిషినే వశపరచుకొని మనమీదికి తిప్పుతుంది. ఆల్ప్ నిద్రపుచ్చి పీడకలతో చంపుతుంది. మొదటినుంచీ క్రీడలో ఉన్న నాఖ్‌త్సేరర్ శవాలను తిని పెరుగుతుంది. కనుక దానితో పోరాటంలో మనవాడి శవం కూడా శత్రువుకు ఆహారమే.

ఈ పేర్లను గమనించాలి. ఆల్ప్, హెక్సె, శ్రాట్, ఉన్‌హోల్డ్, నాఖ్‌త్సేరర్, వీడర్‌గ్యాంగర్ - ఇవన్నీ జర్మన్ జానపద విశ్వాసాలలోనివో, ఆ భాషలోని పాత మాటలనుంచి తీసుకున్నవో. ఆల్ప్ నిద్రలో గుండెలమీద కూర్చునే పిశాచం. జర్మన్‌లో పీడకలకు ఉన్న పేరులో నేటికీ ఆ మాట ఉంది. ఓర్క్, గోబ్లిన్ ఆంగ్ల కాల్పనిక సాహిత్యంనుంచి అరువు తెచ్చుకున్నవి కాగా, ఈ భూతాలు మాత్రం రూపకర్తల సొంత నేలనుంచి మొలిచినవి. ఈ క్రీడను వందల ఇతర క్రీడలనుంచి వేరుచేసేది ఇదే. కొత్త పక్షం కోసం వెతకవలసిన చోటు కూడా ఇదే సూచిస్తుంది.

4. దక్షిణపు ఎడారి: వేరు లేని మొక్క

2020లో వెలువడిన 'బ్లేజింగ్ డెజర్ట్స్' ఈ సందర్భంలో ఉపయోగపడే ఉదాహరణ. అది పటానికి దక్షిణాన ఎడారినీ, బంగారు గుమ్మటాల నగరరాజ్యాలనూ, వజీర్లనూ, సంచారులనూ, తుపాకీధారులనూ చేర్చింది. వ్యూహపరంగా చూస్తే దీనిలో లోపం వెతకడం కష్టం. తుపాకీ వరుసలు, మందుగుండు కుండలు, మూడు కలిసి ఒకటిగా మారే ఇసుక ఇఫ్రిత్‌లు - ఇవన్నీ కొత్త ప్రశ్నలే. ఉత్తరాదివారి పాత దేవతలకూ దక్షిణాదివారి 'గిల్డర్' అనే దైవానికీ మధ్య ధర్మయుద్ధం కూడా కక్ష అన్న షరతును తీరుస్తుంది.

అయినా ఉత్తరాన నడిచిన ఆటగానికి దక్షిణంలో ఏదో పలుచనగా తోస్తుంది. అది ఎందుకన్నది స్పష్టంగా చెప్పుకోవాలి. ఉత్తరపు భూతాలకు ఇంటిపేర్లున్నాయి. దక్షిణంలో ఇఫ్రిత్ ఒక్కటి తప్పిస్తే ఎదురయ్యేవి హైనా, పాము. ఉత్తరం అమ్మమ్మల కథలనుంచి వచ్చింది, దక్షిణం బొమ్మల పుస్తకాలనుంచి వచ్చింది. ధనిక నగరం, క్రూరుడైన వజీరు, బానిసలు, రంగస్థలపు మల్లయుద్ధాలు - పడమటివారి ఊహలో తూర్పు ఎలా తయారైందో ఎడ్వర్డ్ సయీద్ 1978లోనే విశ్లేషించిన తరువాత ఈ చిత్రాన్ని అమాయకమైనదిగా చూడలేము. బానిసత్వాన్ని క్రీడ దాచలేదన్నది దాని పక్షాన చెప్పవలసిన మాట. బానిసలను 'రుణగ్రస్తులు' అని పిలిచి, ఆ అప్పు దైవానిదని చెప్పే ఏర్పాటు పదునైన వ్యంగ్యమే. కాని ఉత్తరాన రైతు భూస్వామికి కట్టుబడి ఉన్న సంగతిని ఇంత సూటిగా చెప్పని క్రీడ, దక్షిణాన మాత్రం సంకెళ్లను బొమ్మగీసి చూపడం గమనార్హం. రేపు ఎవరైనా మన రాక్షసులనూ బేతాళులనూ తీసుకొని ఇటువంటి క్రీడ చేసినా, వేరు చూడకుండా వేషం మాత్రమే తీసుకుంటే ఇదే పలుచదనం వస్తుంది.

5. తోసిపుచ్చవలసినవి

తరచుగా కోరబడే కొన్ని పక్షాలను ఇక్కడే పక్కన పెట్టవచ్చు. ఎల్ఫ్‌ల ప్రాచీన, గర్విష్ఠి జాతి స్థానాన్ని ఈ లోకంలో మరణించిన సామ్రాజ్యం ఇప్పటికే ఆక్రమించింది. ఒకే కుర్చీలో ఇద్దరు కూర్చోలేరు. నరకసేనల విషయంలో అభ్యంతరం మరింత గట్టిది. ఈ క్రీడలో దవ్‌కుల్ అనే ఒక దైవముంది. అది ఎన్నడూ కనిపించదు. దానిని నమ్మినవారు మాత్రమే కనిపిస్తారు. కొన్నిచోట్ల దళంలోని మనిషినే బలి అడుగుతారు. ఆ దైవానికి కొమ్ములూ రెక్కలూ పెట్టి, పటం మీద సేనగా దింపిన మరుక్షణం అది ప్రాణబిందువుల సంఖ్య ఉన్న మరొక మృగమైపోతుంది.

కొరడాలతో తమను తాము కొట్టుకొనే భక్తుల ఊరేగింపు ఆకర్షణీయమైన ప్రతిపాదన. 1348-49లో ప్లేగు వ్యాపించినప్పుడు జర్మన్ నగరాల గుండా ముప్పై మూడున్నర రోజుల వ్రతంగా ఇవి సాగాయి. 1349 అక్టోబరులో ఆరవ క్లెమెంట్ పోప్ వీటిని నిషేధించాడు. అయితే ఆ సంవత్సరాలలోనే ఆ నగరాలలో యూదులపై ఘోరమైన హత్యాకాండ జరిగింది. ఒకదాన్ని తీసుకొని రెండవదాన్ని వదిలివేయడం చరిత్రను కడిగి ఆరబెట్టడమవుతుంది. రెండూ తీసుకోవడానికి ఈ క్రీడలోని హాస్యధోరణికి శక్తి చాలదు. దెబ్బ తగిలినకొద్దీ బలం పెరగడమన్న వ్యూహపు అంశం కూడా ఓర్క్ ఉన్మత్తులలో ముందే ఉన్నది. కనుక కొరడాభక్తుడు ఇప్పుడు ఉన్నచోటనే, కూలికి కుదిరేవారి జాబితాలో ఒకడిగా ఉండడమే మేలు.

ఆ జాబితా గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఊరిలో అడుగుపెట్టగానే కూలికి సిద్ధంగా ఉన్నవారి పట్టిక తెరుచుకుంటుంది. పాలేరు, దినకూలీ, మిల్లరు, కాటికాపరి, ఎలుకలు పట్టేవాడు, దొంగచాటు వేటగాడు, సైన్యం నుంచి పారిపోయినవాడు, కాందిశీకుడు, సన్యాసి, వెలివేయబడిన దొరబిడ్డ. ఒక్కొక్కరికి నాలుగు వాక్యాల గతచరిత్ర ఉంటుంది. ఈ క్రీడలో సాహిత్యమని పిలవదగినది అధికంగా ఇక్కడే ఉంది. వృత్తుల పట్టికగా కనిపించే ఇది నిజానికి ఒక సమాజపు జనాభా లెక్క. కొత్త పక్షాలు ఆకాశంనుంచి దిగనవసరం లేదు. ఈ పట్టికలోనే దాగి ఉన్నాయి.

6. రైతుదండు

ఈ లోకంలో రైతు మూడు విధాలుగా కనిపిస్తాడు. దారిన పోతూ భూతాలకు బలయ్యేవాడుగా, ఊరిని కాపాడుకోవడానికి ఈటె పట్టినవాడుగా, దళంలో తక్కువ జీతానికి చేరేవాడుగా. తిరగబడినవాడుగా మాత్రం ఒక పక్షమై నిలవడు. దొరల వంశాలు తమలో తాము యుద్ధాలు చేసుకుంటాయి. అది క్రీడలోని మహాసంక్షోభాలలో ఒకటి. ఆ యుద్ధానికి అయ్యే ఖర్చు ఎవరి గాదెనుంచి వస్తుందో ఎవరూ అడగరు. ఇది చిన్న ఖాళీ కాదు. జర్మన్ మధ్యయుగపు చివరి అంకాన్ని నమూనాగా తీసుకున్న లోకంలో అన్నింటికన్నా పెద్ద ఖాళీ ఇదే.

చరిత్రలో దీనికి కావలసినంత సామగ్రి ఉంది. తాడుతో కట్టుకొనే రైతుల చెప్పును జెండా గుర్తుగా పెట్టుకొని 'బుండ్‌షూ' పేరుతో రహస్య కూటములు పదహారవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో యోస్ ఫ్రిట్స్ నాయకత్వంలో మళ్లీమళ్లీ తలెత్తాయి, మళ్లీమళ్లీ బయటపడిపోయాయి. 1524లో మొదలైన రైతాంగ యుద్ధం 1525 వసంతానికి దక్షిణ, మధ్య జర్మన్ ప్రాంతాలలో మంటలా వ్యాపించింది. 1525లో మెమ్మింగెన్‌లో రూపొందిన పన్నెండు కోరికల పత్రం అచ్చయి ఊరూరా తిరిగింది. తమ బోధకుని తామే ఎన్నుకొనే హక్కు, అర్ధబానిసత్వపు రద్దు, అడవిలో వేటాడే హక్కు, ఏటిలో చేపలు పట్టే హక్కు, వంటచెరకు హక్కు - ఆ పత్రంలోని కోరికలు ఇవి. దొంగచాటు వేటగాడు ఎందుకు దొంగచాటు వేటగాడయ్యాడో క్రీడ తన కూలీల పట్టికలో చెప్పదు. ఆ పత్రం చెబుతుంది.

యుద్ధరంగంలో రైతుదండు ఏ ప్రశ్న అడుగుతుంది? కొడవలిని నిలువుగా బిగించిన కర్ర, ధాన్యం నూర్చే కర్రకు మేకులు దిగగొట్టిన గద, అంతకుమించి ఆయుధం లేని మూడు నాలుగు పదుల మంది. ఒక్కొక్కరు ఒక దెబ్బకు పోతారు. ఇంతవరకు గోబ్లిన్ గుంపుకన్నా తేలిక. అయితే రైతులు బండ్లను గొలుసులతో కలిపి కోటగా మార్చడం నేర్చుకున్నారు. ఈ విద్యను అంతకు వందేళ్ల క్రితం బొహీమియాలో యాన్ జిష్కా నడిపిన హుస్సైట్ సేనలు పరాకాష్ఠకు తీసుకువెళ్లాయి. షట్కోణపు గడుల మీద బండికోట అంటే కదలని గోడ, దాని వెనుక అలసిపోని వంతులు. ముందువాడు పడితే వెనుకవాడు వస్తాడు. పన్నెండు మంది నిపుణులు అలసటకు లొంగిపోయేవరకు వారు నిలిస్తే చాలు. 'నీవు ఎంతమందిని చంపగలవు?' అన్నదానికన్నా 'ఎంతసేపు చంపగలవు?' అన్నది కఠినమైన ప్రశ్న. అలసట అన్న లెక్కను క్రీడ మొదటినుంచీ జాగ్రత్తగా పెంచుకుంటూ వచ్చింది. దానిని అంతిమంగా పరీక్షించే పక్షం మాత్రం ఇంకా రాలేదు.

రెండవ ప్రశ్న మన దళంలోంచే పుడుతుంది. 1525లో రైతులపైకి పంపబడిన కిరాయి సైనికులలో కొందరు వెనుకాడారు. వారూ ఆ పల్లెలనుంచే వచ్చినవారు. ఈ చారిత్రక సత్యాన్ని క్రీడ దాదాపు యథాతథంగా వాడుకోవచ్చు. దళంలో పాలేర్లు, దినకూలీలు, కాందిశీకులు ఎంతమంది ఉంటే రైతుదండు ఎదుట దళపు మనోధైర్యం అంత తగ్గాలి. వెలివేయబడిన దొరబిడ్డ మాత్రం చలించడు. చౌకగా కుదిరిన మనుషులతో దళాన్ని నింపుకున్న ఆటగానికి ఆ చౌకదనం వెల ఆ రోజు తెలుస్తుంది. ఇప్పటివరకు మనిషి గతచరిత్ర నాలుగు వాక్యాల అలంకారంగానూ, కొన్ని అంకెలుగానూ ఉండేది. ఇక్కడ అది విధేయత అవుతుంది.

మూడవది పద్దుపుస్తకపు ప్రశ్న. దొంగలను చంపితే కవచాలు దొరుకుతాయి, వింతమృగాలను చంపితే చర్మాలు దొరుకుతాయి. రైతును చంపితే దొరికేది చినిగిన చొక్కా, కొడవలి. కనుక ఈ యుద్ధంలో లాభమంతా దొర ఇచ్చే సొమ్ములోనే ఉండాలి. సొమ్ము ఎక్కువగానే ఉండాలి. ఆటగాడు తనకు తెలిసే ఆ పని చేయాలి. తరువాత ఆ ఊరికి వెళితే రొట్టె ధర రెండింతలు, కూలికి వచ్చేవాడు ఒక్కడూ లేడు. కాల్చినది తన అంగడినే అని అప్పుడు తెలియాలి. ఫ్రాంకెన్‌హౌసెన్ దగ్గర 1525 మే 15న కొండమీద బండికోట కట్టిన వేలాదిమంది రైతులు కొద్దిసేపటిలోనే ఊచకోతకు గురయ్యారు. వారి పక్షాన నిలిచిన బోధకుడు థోమాస్ మ్యూంట్సర్‌ను పన్నెండు రోజుల తరువాత చంపివేశారు. మొత్తం తిరుగుబాటులో మరణించినవారు లక్ష వరకు ఉంటారన్న అంచనాలు ఉన్నాయి. గెలిచినవాడికి పాట మిగలని యుద్ధమది. చీకటి కాల్పనికత అన్న పేరు పెట్టుకున్న క్రీడ పిశాచాలకన్నా ముందు ఇటువంటి గెలుపును చూపగలగాలి.

రైతుల పక్షాన చేరే దారి తెరిచి ఉంచాలా? ఉంచాలి, కాని వారివద్ద సొమ్ము ఉండరాదు. తిండి ఇస్తారు, గాయాలకు కట్టు కడతారు, మనుషులను ఇస్తారు. జీతాల రోజు వచ్చేసరికి పెట్టె ఖాళీగా ఉంటుంది. సానుభూతి ఉన్న ఆటగానికి కూడా దళం తన దళమే, వారి నోళ్లు తాను నింపవలసినవే. దీన్ని 'మంచి ముగింపు'గా మార్చి బహుమానం కట్టబెడితే మొత్తం నిర్మాణం నీరుగారిపోతుంది.

ఒక అభ్యంతరాన్ని ఎదుర్కోవాలి. ఆటగాడు వినోదానికి వచ్చాడు, అతనిచేత నిరాయుధప్రాయులైన పేదలను చంపించడం ఔచిత్యమా? ఈ క్రీడ ఓర్క్‌లను చంపించేటప్పుడు ఆ ప్రశ్న రాదు, ఎందుకంటే వారు చంపదగినవారుగానే పుట్టించబడ్డారు. చంపదగిన జాతిని సృష్టించడం కన్నా, చంపదగనివారిని చంపుతున్నామని తెలియజేయడం నా దృష్టిలో నిజాయితీ గల పని. కాని ఒప్పందాన్ని నిరాకరించే వీలు ఎల్లప్పుడూ ఉండాలి. నిరాకరణకు వెల ఉండాలి, శిక్ష ఉండరాదు.

7. కూలి లేని కత్తులు

జర్మన్ కిరాయి సైనికులు యుద్ధం ముగిసి జీతాలు ఆగినప్పుడు గుంపులుగా పల్లెలమీద పడి బిచ్చమో బెదిరింపో చేసి బ్రతికేవారు. 'గార్ట్‌క్నెఖ్ట్' అన్నది వారికి ఉన్న పేరు. ఇటువంటివారు తెలుగు నేలకు అపరిచితులు కారు. మరాఠా సేనల వెంట జీతం లేకుండా దోపిడీమీదనే బ్రతికిన పిండారీలు 1816లో గుంటూరు ప్రాంతం మీద పడ్డారు. యుద్ధానికి పిలిచేవారున్నంతకాలం సైనికుడు, పిలిచేవాడు లేనినాడు దొంగ. మధ్యలో మారింది మనిషి కాదు.

క్రీడలో దారిదొంగలు ఉన్నారు గనుక ఇది పునరుక్తి కాదా అనవచ్చు. ఒక్క మార్పు చేస్తే కాదు. ఇప్పుడు ఆటగాడు దళంనుంచి ఎవరినైనా తొలగిస్తే అతడు పట్టికనుంచి మాయమవుతాడు. కన్ను పోయినవాడు, మోకాలు విరిగినవాడు, జీతం పెరిగి భారమైనవాడు ఎక్కడికి పోయారో క్రీడకు తెలియదు. వారు ఎక్కడికో ఒకచోటికి పోయి ఉండాలి గదా. వారే ఒక ముఠాగా చేరి, ఆరునెలల తరువాత అడవిదారిలో, మనం కొనిచ్చిన కవచంతో, మనం నేర్పిన వరుసలో ఎదురైతే అప్పుడది పక్షం. చేతిలో ఎంతో కొంత పెట్టి గౌరవంగా పంపినవాడు ఆ ముఠాలో ఉండడు. ఊరకే తరిమినవాడు ముందు వరుసలో ఉంటాడు. కొత్త బొమ్మలు గీయనక్కరలేని, చాలా చౌకైన పక్షమిది. కక్ష మాత్రం పూర్తిగా ఆటగాని స్వార్జితం.

8. వేటదండు

మానుషపక్షాల తరువాత ఒక అమానుషపక్షం. యాకోబ్ గ్రిమ్ 1835నాటి తన జర్మన్ పురాణవిజ్ఞాన గ్రంథంలో 'విల్డె యాగ్ట్' గురించి చర్చించాడు. శీతకాలపు రాత్రులలో, ముఖ్యంగా క్రిస్మస్ తరువాతి పన్నెండు రాత్రులలో, కుక్కల అరుపులతో, కొమ్ముబూరల మోతతో ఆకాశంలో సాగిపోయే మృతుల వేట అది. ఎదురుపడినవాడు దారి మధ్యలో బోర్లా పడుకొని, అది దాటిపోయేదాకా తల ఎత్తరాదని నమ్మకం.

ఆ బోర్లా పడుకోవడంలోనే వ్యూహముంది. ఈ క్రీడలో ప్రతి యుద్ధానికీ ముగింపు ఒకటే: ఒక పక్షం చావాలి, లేదా పారిపోవాలి. వేటదండు చావదు, పారిపోదు, అసలు మన కోసం రాలేదు. అది పటానికి ఒక అంచునుంచి మరొక అంచుకు దాటిపోతుంది. దాని దారిలో ఉన్నవారు నేలకు కరుచుకోవాలి, కరుచుకున్నవాడిమీద గుర్రాలు నడవవచ్చు. కత్తి ఎత్తినవాడు దెబ్బ కొట్టగలడు, కాని అప్పుడు దండు అతనిని చూస్తుంది. తీసుకుపోతుంది. మరుసటి శీతకాలం ఆ దండులో మనవాడి ముఖం, మనం పెట్టిన పేరుతోనే కనిపిస్తుంది. గెలవడానికి శిక్షణ పొందిన ఆటగానికి ఊరకుండడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

శత్రుపక్షం మన దళంలోకి చొరబడడమన్న ఊహకు ముందుదారి ఉంది. రెడ్ హుక్ స్టూడియోస్ వారి 'డార్కెస్ట్ డంజన్'కు 2017లో వచ్చిన 'ది క్రిమ్సన్ కోర్ట్' అనుబంధంలో నెత్తురు తాగే దొరల సభ ఒక పక్షం. వారి శాపం సోకిన వీరుడు మన మనిషిగానే ఉంటూ నెత్తురు కోసం అలమటిస్తాడు. పోరాటం ముగిసినా పక్షం ముగియదు. 'బ్యాటిల్ బ్రదర్స్'లో ఈ పని చేయగలిగినది ఇప్పటికి దవ్‌కుల్ భక్తులు మాత్రమే.

దీనికి అనుబంధంగా 'ఔఫ్‌హోకర్' అనే చిన్న పిశాచాన్ని కూడా చెప్పుకోవచ్చు. చీకటిపడ్డాక బాటసారి వీపుమీదికి ఎగిరి కూర్చొని, అడుగడుగుకూ బరువెక్కుతూ పోతుంది. చందమామలో బేతాళకథలు చదివిన తెలుగు పాఠకునికి విక్రమార్కుని భుజం వెంటనే గుర్తుకు వస్తుంది. కాని మన బేతాళుడు కథ చెబుతాడు, ప్రశ్న వేస్తాడు, బరువుకు బదులుగా బుద్ధిని పరీక్షిస్తాడు. ఔఫ్‌హోకర్ ఏమీ మాట్లాడదు. అలసటను అంకెగా లెక్కించే క్రీడకు ఇంతకన్నా సరిపోయే భూతం దొరకడం కష్టం: దెబ్బ కొట్టదు, గాయం చేయదు, వంతువంతుకూ అలసటను మాత్రం పెంచుతుంది. దానిని దించాలంటే పక్కవాడు మన వీపుమీదికే గొడ్డలి ఎత్తాలి.

లుసాటియాలోని సోర్బుల విశ్వాసంలో మిట్టమధ్యాహ్నం పొలాల్లో తిరిగే ఒక దయ్యపుస్త్రీ ఉంది. ఆ సమయంలో పని ఆపనివారిని అవిసెనార సాగు గురించి గంటసేపు ప్రశ్నలడుగుతుంది. చీకటి లోకానికి పగటిభయాన్ని తేగల ఈ రూపం నాకు ఎంతో ఇష్టమైనదే. అయితే కూలికి కుదిరేవారందరూ పురుషులే అయిన ఈ క్రీడలో, రంగంమీద స్త్రీరూపంతో ఎదురయ్యేది దాదాపు హెక్సె ఒక్కతే. చంపదగిన స్త్రీని మరొకరిని చేర్చేముందు, రైతుదండు బండికోటలో కొడవలి పట్టిన స్త్రీలకు చోటు కల్పించడం సబబు. ఆ పని జరిగితే మధ్యాహ్నపు దయ్యం తరువాతి అనుబంధం వరకు ఆగవచ్చు.